సెరటోనిన్ కథ నిజం కాకపోతే నా మాత్ర ఎలా పనిచేసినట్టు?

"డిప్రెషన్‌కు సెరటోనిన్ తగ్గడం కారణం కాదని పరిశోధకులే తేల్చారట. మరి రెండు నెలలుగా నేను వేసుకుంటున్న మాత్ర దండగేనా? రేపటి నుంచి మానేయవచ్చా?" అని అడిగారు. మీ వయసు 22 అని కూడా రాశారు. సెరటోనిన్ అంటే మెదడులో నాడీకణాల మధ్య కబుర్లు మోసే రసాయనాల్లో ఒకటి.

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మానేయకండి. రేపటి నుంచి అసలే వద్దు. నేను డాక్టరును కాను, జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఏడాదిన్నర పాటు ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు వాడాను. మధ్యలో ఒకసారి మీరు ఇప్పుడు చేయబోతున్న పనే చేశాను కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

నాకు జబ్బు ఏడుపుతో మొదలు కాలేదు. సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడితే, పదేళ్లుగా రాస్తున్న సమీకరణం చేతికి వచ్చేది కాదు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది, ఆ తర్వాత నిద్ర ఉండేది కాదు. అన్నం మట్టిలా అనిపించేది. డాక్టరు గారు అంతా విని, "షుగరు ఉన్నవారికి ఇన్సులిన్ ఎలాగో మీకు సెరటోనిన్ అలాగ. తగ్గింది, మందుతో భర్తీ చేద్దాం" అన్నారు. 10 మిల్లీగ్రాముల మాత్ర రాశారు.

ఆ పోలిక మా ఇంట్లో చేసిన ఉపకారం చెప్పకపోతే అన్యాయం అవుతుంది. మా అత్తయ్యగారు వాటిని నిద్రమాత్రలనుకుని, అలవాటు పడితే మానలేవని రోజూ హెచ్చరించేవారు. ఆమెకు ఇరవై ఏళ్లుగా షుగరు. "మీ ఒంట్లో ఇన్సులిన్ చాలనట్టే నా ఒంట్లో సెరటోనిన్ చాలడం లేదు అత్తయ్యా" అన్నాను. మర్నాటి నుంచి మాత్ర, మంచినీళ్లు ఆమే తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు.

నాకే సందేహం మిగిలింది. ఆమెకు మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేస్తారు. నా సెరటోనిన్ ఎంతుందో ఎవరూ ఎప్పుడూ కొలవలేదు. పైగా ఈ మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే నాడీకణాల మధ్య సెరటోనిన్ పెరుగుతుంది. నాకు మాత్రం మొదటి రెండు వారాలు కడుపులో వికారం తప్ప మరేమీ తెలియలేదు. నాలుగో వారంలో ఒకరోజు పప్పులో తిరగమోత వాసన తెలిసింది. లోటు భర్తీ చేయడమే అయితే నెల రోజులు ఎందుకు పట్టాలి?

వెతుక్కుంటూ పోతే కథ క్షయ ఆసుపత్రిలో తేలింది. 1952 ప్రాంతంలో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఐప్రోనయజిడ్ అనే కొత్త మందు ఇచ్చి చూశారు. మన ప్రభుత్వాసుపత్రుల్లో క్షయకు ఇచ్చే ఐసోనయజిడ్‌కు అది తోబుట్టువు. మంచాన పడి ఉన్నవారు లేచి కబుర్లు చెప్పుకోవడం, ఆకలి అనడం మొదలుపెట్టారు. 1957 నాటికి అమెరికా మానసిక వైద్యుడు నేథన్ క్లైన్ దాన్ని దిగులు జబ్బుకు వాడి ఫలితాలు ప్రకటించాడు. అదే కాలంలో స్విట్జర్లాండ్‌లో మానసిక వైద్యుడు రోలండ్ కూన్ స్కిజోఫ్రెనియాకు పనికొస్తుందేమోనని ఇమిప్రమిన్ అనే మందును పరీక్షించాడు. దానికి పనికిరాలేదు, డిప్రెషన్‌కు పనికొచ్చింది. రెండూ ఒకదానికని వెతికితే మరొకదానికి దొరికినవే. ముందు మందు దొరికింది, కారణం కోసం వెతుకులాట తర్వాత మొదలైంది.

మన సర్పగంధకు కూడా ఇందులో పాత్ర ఉంది. రక్తపోటుకు అది పనిచేస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో ప్రచురించాక ప్రపంచం కళ్లు దాని మీద పడ్డాయి. దాని వేరు నుంచి తీసిన రెసర్పిన్ వాడినవారిలో కొందరు దిగులులో పడ్డారు. అది మెదడులో సెరటోనిన్, దానిలాగే కబుర్లు మోసే నోరడ్రినలిన్ నిల్వలను ఖాళీ చేస్తుందని తేలింది. ఐప్రోనయజిడ్ ఏమో అవే రసాయనాలను విరగ్గొట్టే ఎంజైమును ఆపుతుంది. ఖాళీ చేస్తే దిగులు, నిలబెడితే హుషారు. ఇంత చక్కగా అతికిన రెండు ముక్కలు చూస్తే ఎవరికైనా కథ అల్లాలనిపిస్తుంది. 1965లో అమెరికా మానసిక వైద్యుడు జోసెఫ్ షిల్డ్‌క్రాట్ నోరడ్రినలిన్ మీద దాన్ని సిద్ధాంతంగా రాశాడు. అయితే అది సాక్ష్యాలు ఇంకా చాలని ఊహ అని ఆయనే ఒప్పుకున్నాడు. 1987 చివర్లో అమెరికాలో సెరటోనిన్ మీద పనిచేసే ఫ్లుఆక్సెటిన్ అనే డిప్రెషన్ మందుకు అనుమతి వచ్చాక ఆ జాగ్రత్త ప్రకటనల్లో కొట్టుకుపోయింది. "రసాయనాల అసమతుల్యత" అన్న మాట ఇంటింటికీ చేరింది.

తర్కంలో చిల్లు ఎక్కడుందో చూడండి. వడదెబ్బ తగిలినవారు ఉప్పు మజ్జిగ తాగి తేరుకుంటారు. అంతమాత్రాన మజ్జిగ లోపం వల్లే వడదెబ్బ తగిలిందని ఎవరమూ అనం.

మీరు విన్నది 2022లో జొవాన్నా మోంక్రీఫ్ బృందం ప్రచురించిన సమీక్ష గురించి. సెరటోనిన్ తగ్గడం వల్లే డిప్రెషన్ వస్తుందనడానికి నిలకడైన ఆధారాలు లేవన్నది దాని సారాంశం. మందులు పనిచేస్తాయా లేదా అన్నది ఆ సమీక్ష కొలిచిన విషయం కాదు. దాన్ని కొలిచిన పెద్ద పని 2018లో ఆండ్రియా చిప్రియాని బృందం చేసింది. 522 ప్రయోగాలు, 1,16,477 మంది, 21 మందులు. అన్నీ మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గానే పనిచేశాయి. అయితే సగటున ఆ మెరుగు ఒక మోస్తరే, ప్రయోగాలు కూడా ఎక్కువగా ఎనిమిది వారాల పాటు నడిచినవే. ఈ మందుల మీద పెంచుకోవలసిన ఆశ కూడా ఆ మోస్తరులోనే ఉండాలని నా అభిప్రాయం. సగటు అంటే కొందరికి బాగా, కొందరికి అసలు లేకుండా అని కూడా కావచ్చు. మొదటి మాత్ర పడకపోతే డాక్టర్లు మరొకటి మార్చి చూసేది అందుకే.

మరి ఎలా పనిచేస్తాయి? తుది జవాబు ఇంకా రాలేదు. నాడీకణాలు కొత్త కొమ్మలు వేసుకుని, కొత్త అతుకులు కలుపుకునే శక్తిని ఈ మందులు పెంచుతాయన్నది ఇప్పుడు బలంగా ఉన్న ఆలోచన. ఆ ఎదుగుదలను నడిపే ట్రాక్-బి అనే గ్రాహకానికి ఈ మందులు నేరుగా అతుక్కుంటాయని 2021లో హెల్సింకీ శాస్త్రవేత్తలు చూపారు. కొమ్మలు వేయడానికి వారాలు పడతాయి కనుక నా నాలుగో వారం తిరగమోతకు ఇందులో కొంత సమాధానం కనిపించింది. మత్తుమందుగా వాడే కెటమిన్ సంగతి మళ్లీ వేరు. అది గ్లూటమేట్ అనే మరో మెదడు రసాయనం దారిలో వెళ్లి కొన్ని గంటల్లోనే ప్రభావం చూపిస్తుంది.

ఇక నేను చేసిన పని. అయిదో నెలలో సంక్రాంతి సెలవులకు ఊరికి వెళ్లాను. హాయిగా ఉన్నాను, ఇంకెందుకులే అని ఒక్కసారిగా మాత్ర మానేశాను. మూడో రోజుకు తల పక్కకు తిప్పితే చాలు, లోపల కరెంటు తగిలినట్టు చురుక్కుమనేది. పాలు పొంగిపోయాయని పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. జబ్బు తిరగబెట్టిందనుకున్నాను. అది చాలావరకు హఠాత్తుగా మానడం వల్ల వచ్చిన బాధ అని డాక్టరు గారు చెప్పి, మళ్లీ మొదలుపెట్టించారు. ఈ ముక్క మొదటి రోజే ఎందుకు చెప్పలేదని కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

ఏడాది దాటాక పద్ధతిగా మానాను. 5 మిల్లీగ్రాములకు తగ్గడం తేలిక, అక్కడి నుంచి సున్నాకు దిగడమే కష్టం. సాధారణ మోతాదులోనే మందు, సెరటోనిన్‌ను తిరిగి కణంలోకి లాక్కునే వాహకాల్లో సుమారు 80 శాతాన్ని పట్టేస్తుంది. మోతాదు సగం చేసినా ఆ పట్టు సగానికి పడిపోదు, చివరి కొద్దిపాటి దగ్గరే నిలువునా జారుతుంది. ఉపరితల రసాయనశాస్త్రం పాఠంలో నేను ఏటా బోర్డు మీద గీసే వంపుగీత అదే! మార్క్ హొరోవిట్జ్, డేవిడ్ టేలర్ అనే పరిశోధకులు 2019లో ఈ సంగతే రాశారు. అందుకే 5 మాత్రను సగం చేసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేసి, డాక్టరు గారి లెక్క ప్రకారం అయిదు నెలలు తీసుకున్నాను.

మీ వయసు గురించి ఒక మాట. 25 లోపు వారిలో ఈ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లోనూ, మోతాదు మార్చినప్పుడూ ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని మందుల మీదే హెచ్చరిక ఉంటుంది. అలాంటిది ఏమాత్రం తోచినా ఇంట్లో ఒకరికి చెప్పి, అదే రోజు డాక్టరును కలవండి. అర్ధరాత్రి అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులో మాట్లాడతారు.

నేను చివరి ముక్క వేసుకున్న రోజు మా అత్తయ్యగారు, "అయితే నీ ఒంట్లో అదేదో ఇప్పుడు సరిపడా తయారవుతోందన్నమాట" అన్నారు. ఇంత చదివిన దాన్ని, "అవును అత్తయ్యా" అని ఊరుకున్నాను.