సమాధానం: ఐస్ హాకీ పవర్‌ప్లేలో (అవతలి జట్టులో ఒకరు పెనాల్టీలో ఉండే 2 నిమిషాలు) పక్ (రబ్బరు బిళ్ల) చుట్టూ తిరుగుతోంది, గోల్ పడట్లేదు

మీ 1-3-1లో (వెనక ఒకరు, మధ్య వరసలో ముగ్గురు, నెట్ ముందు ఒకరు) లోపం షూటర్‌ది కాకపోవచ్చు, ఎక్కువసార్లు బంపర్‌ది, అంటే మధ్య వరసలో నడిమి ఆటగాడిది. అతనికి పాస్ వెళ్లే దారి లేకపోతే నలుగురు డిఫెండర్లూ అతన్ని వదిలేసి పక్కల షాట్లకు అడ్డుపడతారు. పక్ అంచుల వెంటే తిరుగుతూ 2 నిమిషాలూ అయిపోతాయి.

1. బంపర్ పాతినట్టు నిలబడకూడదు. పక్ చేతులు మారిన ప్రతిసారీ రెండు మూడు అడుగులు జరగాలి. పాస్ ఇచ్చేవాడికీ తన స్టిక్ బ్లేడ్‌కీ మధ్య ఎవరి స్టిక్కూ ఉండకూడదు. బ్లేడ్ మంచు మీదే, ఒళ్లు పక్ వైపు. చాలామంది వదిలేసేది ఇదే. పాస్ అందకపోయినా సరే, ఒక డిఫెండర్ లోపలికి వస్తే చాలు.

2. ఆ డిఫెండర్ వదిలిన వైపు సర్కిల్‌కి (గోల్‌కి అటూ ఇటూ మంచు మీద గీసిన వృత్తం) వెంటనే పాస్, వచ్చిన పక్‌ని ఆపకుండా కొట్టే వన్‌టైమర్. గోలీ ఇంకా పక్కకు జరుగుతుండగానే కొట్టాలి. ఎడమ సర్కిల్‌లో కుడిచేతి షూటర్‌ని పెట్టండి. హాకీ స్టార్ ఒవెచ్కిన్ అడ్డా అదే కదా.

3. నెట్ ముందు మనిషి గోలీ కళ్లకు అడ్డంగా, క్రీజ్ (గోల్ ముందు గోలీకి గీసిన చోటు) బయట.

4. రిబౌండ్ (గోలీకి తగిలి వెనక్కొచ్చిన పక్) మీదకు ముగ్గురు వెళ్లాలి, అది వాళ్లకు దొరికితే కష్టం. ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్) రూల్స్‌లో పెనాల్టీలో ఉన్న జట్టు పక్‌ని అవతలి కొసకి కొట్టేసినా ఐసింగ్ (అలా దూరం కొట్టినందుకు ఆట ఆపడం) పడదు, మీకు మళ్లీ లోపలికి రావడానికే టైం పోతుంది.