12 కోల్డ్ స్టోరేజీల్లో 9 ఫస్ట్ వచ్చాయంటే తప్పు స్టోరేజీలది కాదు, మోడల్‌ది

మీరు అడిగింది ఇదీ: గుంటూరు చుట్టుపక్కల 12 మిర్చి కోల్డ్ స్టోరేజీల డేటా సేకరించి, డేటా ఎన్వలప్‌మెంట్ అనాలిసిస్, అంటే ఎవరు తక్కువ వనరులతో ఎక్కువ పని చేస్తున్నారో పోల్చి చూసే డీఈఏ వేశారు. ఇన్‌పుట్లు (వాడిన వనరులు) నాలుగు, అవుట్‌పుట్లు (చేసిన పని) మూడు. తొమ్మిదింటికి స్కోరు 1, అంటే ఫుల్ మార్కులు వచ్చాయి. యజమానులకు ఏం చెప్పాలి, ఇదే పద్ధతి ఆర్టీసీ డిపోలకు పనికొస్తుందా అని.

యజమానులకు ఇప్పుడే ఏమీ చెప్పకండి. డీఈఏలో ప్రతి యూనిట్టూ (ఇక్కడ ప్రతి స్టోరేజీ) తనకు బాగా కలిసొచ్చే వెయిట్లు, అంటే ఏ కొలమానానికి ఎంత ప్రాధాన్యమో, తనే ఎంచుకుంటుంది. కొలమానాలు పెరిగేకొద్దీ ఏదో ఒక మూల ప్రతివాడూ ఫస్టే. అందుకే వాడుకలో ఒక లెక్క ఉంది: యూనిట్ల సంఖ్య ఇన్‌పుట్లు, అవుట్‌పుట్ల మొత్తానికి కనీసం మూడు రెట్లుండాలి, వాటి లబ్ధానికి తగ్గకూడదు. మీవి 4+3=7, అంటే 21 స్టోరేజీలు కావాలి. ఉన్నవి 12 కాబట్టి నాలుగు కొలమానాలతో సరిపెట్టుకోవాల్సిందే.

ఆ నాలుగూ ఏవన్నదే అసలు పని. సాఫ్ట్‌వేర్ గొడవంతా దాని తర్వాతే. మీరు అవుట్‌పుట్‌గా 'నిల్వ చేసిన టిక్కీలు' (మిర్చి బస్తాలు) పెట్టారు. మార్చిలో దించి జూన్‌లో తీసుకెళ్లిన టిక్కీ, మార్చి నుంచి డిసెంబరు దాకా ఉన్న టిక్కీ కరెంటు విషయంలో ఒకటి కావు. నెలాఖరు స్టాకు రిజిస్టరులోని అంకెలను 12 నెలలకూ కూడితే 'టిక్కీ-నెలలు' వస్తాయి; కరెంటుకు జోడీ అదే. కూలీకి మాత్రం నెలలతో పనిలేదు, ఎన్ని టిక్కీలు లోపలికెళ్లాయి, ఎన్ని బయటికొచ్చాయన్నదే లెక్క. కాబట్టి అవుట్‌పుట్లు రెండు: టిక్కీ-నెలలు, ఎత్తిదించిన టిక్కీలు. ఇన్‌పుట్లు రెండు: కరెంటు, పనిరోజులు. మొత్తం నాలుగు, సరిగ్గా సరిపోయాయి.

పనిరోజుల దగ్గర ఒక ఉచ్చు ఉంది. ముఠా కూలీలకు టిక్కీకి ఇంత అని ఇస్తారు. ఆ చెల్లింపుల పుస్తకం నుంచి పనిరోజులు తీస్తే ఇన్‌పుట్టూ అవుట్‌పుట్టూ ఒకే అంకెను వేరే గుణకంతో రాసినట్టే, అందరి నిష్పత్తీ సమానంగా వస్తుంది. ఏ రోజు ఎంతమంది వచ్చారో హాజరు దొరికితేనే ముఠాను కలపండి. లేకపోతే ఆపరేటర్లు, వాచ్‌మన్లు, గుమాస్తాలు వంటి జీతం మనుషులను మాత్రమే తీసుకోండి.

కరెంటులో హెచ్‌టీ (హైటెన్షన్) బిల్లు మీద కేడబ్ల్యూహెచ్ (నిజంగా పనికి వాడిన కరెంటు), కేవీఏహెచ్ (పవర్ ఫ్యాక్టర్ నష్టం కూడా కలిసిన లెక్క) రెండూ ఉంటాయి. అందరికీ ఒకటే వాడండి. కేవీఏహెచ్ తీసుకుంటే పవర్ ఫ్యాక్టర్ బాగాలేనివాడి తప్పు కూడా స్కోరులోకి వస్తుంది, అది కావాలో వద్దో ముందే తేల్చుకోండి. జనరేటర్ డీజిల్ వదిలేస్తే కోతలు ఎక్కువున్న ఊళ్లోని స్టోరేజీ ఉత్తపుణ్యానికి పొదుపరి అయిపోతుంది. లీటరుకు సుమారు 3 నుంచి 3.5 యూనిట్లు వేసి కలపండి. ఏడాదిని ఏప్రిల్ నుంచి లెక్కిస్తే సీజను మధ్యలో తెగుతుంది, సరుకు దిగడం మొదలైన నెల నుంచి 12 నెలలు తీసుకోండి. చాంబర్ ఆక్యుపెన్సీ శాతాన్ని టిక్కీల పక్కన పెట్టవద్దు. పరిమాణాలనూ శాతాలనూ కలిపితే స్థిర ప్రతిఫలాల మోడల్‌కు, అంటే ఇన్‌పుట్లు రెట్టింపైతే అవుట్‌పుట్లూ రెట్టింపవుతాయనుకునే మోడల్‌కు, అర్థమే ఉండదు. బూజు పట్టిన సరుకును అవుట్‌పుట్‌లోంచి తీసేసి, బాగున్నదే లెక్కపెట్టండి.

ఇక స్కోరు 1 అంటే ఏమిటో చిన్న లెక్కతో చూద్దాం. అంకెలు కేవలం ఉదాహరణకు. ఐదు స్టోరేజీలూ ఒకే పని చేశాయనుకోండి. ముందు కరెంటు వేల యూనిట్లలో, తర్వాత పనిరోజులు: ఎ (4, 12), బి (6, 8), సి (10, 6), డి (8, 12), ఇ (4, 15). ఎ, బి, సి సరిహద్దు మీద ఉన్నాయి, అంటే రెండు ఇన్‌పుట్లలోనూ వాటికంటే పొదుపుగా చేసినవాళ్లు లేరు. డి స్కోరు 0.714. అది ఎవరిని చూసి నేర్చుకోవాలో కూడా మోడలే చెబుతుంది: 0.857 వంతు బి, 0.143 వంతు ఎ. లక్ష్యం 5.71 వేల యూనిట్లు, 8.57 పనిరోజులు. యజమానికి 0.714 చెబితే చిరాకు పడతాడు. 'మీలాగే నడిచే బి దగ్గరికెళ్లి ఒకరోజు చూడండి' అంటే వింటాడు.

ఇప్పుడు ఇ సంగతి. దాని స్కోరు కూడా 1. కానీ అదే కరెంటుతో ఎ 12 పనిరోజుల్లో చేసిన పనికి ఇ 15 తీసుకుంది. కూలీకి వెయిటు సున్నా వేసుకుని ఫుల్ మార్కులు కొట్టేసింది. మిగిలిన ఆ 3 రోజులే స్లాక్. మీ తొమ్మిదింటిలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో స్లాకులు చూస్తేగానీ తెలియదు. స్కోరు 1, స్లాకులన్నీ సున్నా, ఈ రెండూ ఉన్నదే నిజంగా సమర్థమైనది.

ఎక్సెల్‌లో చేస్తుంటే నిష్పత్తి రూపంలో రాయకండి, లీనియర్ కాదంటూ సాల్వర్ (ఎక్సెల్‌లో ఇలాంటి లెక్కలు చేసే టూల్) ఆగిపోతుంది. ఎన్వలప్ రూపం రాయండి: 12 లాంబ్డాలు (పోలికలో ఒక్కో స్టోరేజీ ఎంత వంతో), ఒక తీటా (స్కోరు); తీటా కనిష్ఠం కావాలి; లాంబ్డాలతో గుణించిన ఇన్‌పుట్ల మొత్తం, ఆ స్టోరేజీ ఇన్‌పుట్‌కు తీటా రెట్లకు మించకూడదు; అవుట్‌పుట్ల మొత్తం దాని అవుట్‌పుట్‌కు తగ్గకూడదు. పద్ధతి సింప్లెక్స్ ఎల్‌పీ ఎంచుకోండి, చరరాశులు రుణాత్మకం కాకుండా టిక్ పెట్టండి. లక్షల్లో ఉన్న టిక్కీలు, వందల్లో ఉన్న పనిరోజులు పక్కపక్కన ఉంటే సాల్వర్ తడబడుతుంది. ప్రతి నిలువు వరుసనూ దాని సగటుతో భాగించండి, స్కోరు మారదు. తీటా వచ్చాక దాన్ని స్థిరం చేసి, స్లాకుల మొత్తాన్ని గరిష్ఠం చేస్తూ రెండోసారి నడపాలి. చాలామంది వదిలేసేది ఈ రెండో అడుగే. 12 సార్లు చేత్తో మార్చే ఓపిక లేకపోతే ఆర్ (R) అనే ఉచిత గణాంక సాఫ్ట్‌వేర్‌లో బెంచ్‌మార్కింగ్ (Benchmarking) ప్యాకేజీ ఉంది.

ఇదంతా చార్న్స్, కూపర్, రోడ్స్ 1978లో ఇచ్చిన మోడల్, స్థిర ప్రతిఫలాలది. 1984లో బ్యాంకర్‌తో కలిసి చార్న్స్, కూపర్ చేసిన మార్పులో లాంబ్డాల మొత్తం 1 కావాలి. అప్పుడు చిన్నదాన్ని చిన్నవాటి పక్కనే తూస్తారు. రెండూ నడిపి మొదటి స్కోరును రెండోదానితో భాగిస్తే, నష్టంలో ఎంత నడపడం వల్ల, ఎంత సైజు వల్ల అన్నది తెలుస్తుంది. ఒక హెచ్చరిక: రెండో మోడల్‌లో అందరికంటే తక్కువ కరెంటు వాడిన స్టోరేజీ ఏం చేసినా సమర్థమే. దాన్ని చూసి మెచ్చుకోవద్దు. సరిహద్దు మీదున్న ఒక్కొక్కదాన్నీ తీసేసి మళ్లీ నడపండి. ఒకదాన్ని తీయగానే మిగతావాళ్ల స్కోర్లు ఎగిరి కూర్చుంటే, ముందు దాని డేటాలో సున్నా ఎక్కడైనా ఎగిరిపోయిందేమో చూడండి.

ఆర్టీసీ డిపోలకు పద్ధతి నిక్షేపంగా పనికొస్తుంది. లాభంతో కొలవలేని ప్రభుత్వ సేవలకు ఇది కొత్త కాదు, ఈ మోడల్ పుట్టిందే అమెరికా ప్రభుత్వ బడుల కార్యక్రమాన్ని బేరీజు వేయడానికి. బస్సులు, సిబ్బంది, డీజిల్ ఇన్‌పుట్లు. కిలోమీటర్లు, ప్రయాణికులు అవుట్‌పుట్లు. కేఎంపీఎల్ (లీటరుకు కిలోమీటర్లు), ఓఆర్ (సీట్లు నిండిన శాతం) నిష్పత్తులు కాబట్టి నేరుగా పెట్టవద్దు. విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో తిరిగే సిటీ బస్సును, పల్లెవెలుగును ఒకే తక్కెడలో వేస్తే డిపో మేనేజరు ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. ట్రాఫిక్ లాంటి తన చేతిలో లేని ఇన్‌పుట్లను తగ్గించమని అడగని మోడల్‌ను బ్యాంకర్, మోరీ 1986లో ఇచ్చారు, అది వాడండి. ఇంకోటి, 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. టికెట్ రాబడిని అవుట్‌పుట్‌గా పెడితే ఎక్కువమందిని మోసిన డిపోయే వెనకబడినట్టు కనిపించవచ్చు. ముందు నెలలు, తర్వాత నెలలు ఒకే పట్టికలో కలపకండి.

చివరగా ఆప్టిమైజేషన్, అంటే ఖర్చు కనిష్ఠమయ్యే ఏర్పాటు వెతకడం. కరెంటులో వెనకబడిన స్టోరేజీకి డీఈఏ 'తగ్గించు' అంటుంది, ఎలాగో చెప్పదు. సగం ఖాళీ చాంబరుకూ గోడల నుంచి వచ్చే వేడి తగ్గదు కాబట్టి కరెంటు దాదాపు అంతే. నాలుగు చాంబర్లు, ఒక్కొక్కటి 25,000 టిక్కీలనుకోండి. అక్టోబరుకు స్టాకు 40,000కి దిగితే రెండు చాంబర్లు చాలు. ప్రతి చాంబరుకూ తెరిచి ఉంటే 1, మూస్తే 0 అనే చరరాశి పెట్టి, తెరిచిన చాంబర్ల నెలవారీ కరెంటు ఖర్చు, మార్చే టిక్కీల కూలి కలిపి కనిష్ఠం చేయండి. ఎన్ని నెలలు మూసి ఉంచగలరో అన్ని నెలల కరెంటు ఆదా, టిక్కీల మార్పిడి కూలిని దాటాలి. నవంబరులో సరుకంతా వెళ్లిపోయేటట్టయితే మోడల్ కదిలించవద్దనే చెబుతుంది. బ్యాంకు తాకట్టులో ఉన్న లాట్లను అనుమతి తెచ్చుకునేదాకా కదలనివిగా బిగించండి. త్వరలో అమ్ముడయ్యే లాట్లు వెనక వరుసలోకి పోకుండా ఇంకో షరతు పెట్టండి. బయటి వేడిలో ఎక్కువసేపు ఉంచితే టిక్కీ మీద తేమ పడుతుంది, అందుకని రోజుకు ఇన్ని టిక్కీలకు మించి మార్చకూడదన్న పరిమితి కూడా రాయండి. ఆ అంకె ఎంతో ముఠా మేస్త్రీని అడిగితే చెబుతాడు.