గుమ్మం దగ్గర పెన్‌డ్రైవ్

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే గొడవ గురించి. బడి కంప్యూటర్లకు కట్టడి పెట్టారు, పిల్లల చేతుల్లో పెన్‌డ్రైవ్‌లు ఉన్నాయి, మధ్యలో ఎవరో ఒకరు నలుగుతున్నారు. నేను ఇరవై రెండేళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. స్టాఫ్ రూములో టైపింగ్ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కావడంతో కంప్యూటర్ ల్యాబు తాళాలు కూడా నా కొంగుకే ముడిపడ్డాయి. కాబట్టి ఈ జవాబుల్లో కొన్ని దెబ్బలు తిని నేర్చుకున్నవి.

*ప్రశ్న: మా ఉన్నత పాఠశాలలో పదిహేను కంప్యూటర్లు ఉన్నాయి. వైరస్‌ల భయంతో నిరుడు పెన్‌డ్రైవ్‌లు అసలు పని చేయకుండా చేయించాం. ఇప్పుడు పిల్లలు సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టులు ఇంటి దగ్గర చేసి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, పెట్టనివ్వమని అడుగుతున్నారు. మా హెడ్మాస్టరుగారు ‘మీరు హామీ ఇస్తే సరే’ అంటున్నారు. ఇవ్వవచ్చా టీచర్‌గారూ?*
*— ల్యాబు బాధ్యతలు చూసే ఉపాధ్యాయిని, తణుకు*

హామీ ఇవ్వకండమ్మా, అది ఎవరూ ఇవ్వలేరు. పెన్‌డ్రైవ్ మాత్రం పెట్టనివ్వండి.

ముందు నా సంగతి చెబుతాను. 2009లో మా ల్యాబులో పదకొండు కంప్యూటర్లు, అన్నీ విండోస్ ఎక్స్‌పీ. అప్పట్లో పెన్‌డ్రైవ్ పెట్టి దాని బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే చాలు, లోపల దాగిన పురుగు లేచి నడిచేది. ఆటోరన్ అనే సౌకర్యం పుణ్యం అది. అంతకు ముందటేడు నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ అనే పురుగు పాకిన దారుల్లో ఇదీ ఒకటి. మా బడికి వచ్చినది అంత పేరున్నది కాదు. పసుపు పచ్చ ఫోల్డరు బొమ్మ వేసుకుని ‘న్యూ ఫోల్డర్’ పేరుతో కూర్చునే ప్రోగ్రాము. పిల్లలు ఫోల్డరు అనుకుని తెరిచేవారు. శనివారానికి పదకొండూ పడకేశాయి.

నాకు ఒళ్లు మండింది. బజారు నుంచి ఎంసీల్ తెప్పించి, పిండిలా కలిపి, ముందువైపు యూఎస్‌బీ రంధ్రాలన్నీ పూడ్చేశాను. వెనకవైపు ఒక్క మౌస్‌కు మాత్రం వదిలాను. కీబోర్డులు గుండ్రటి పిన్నులవి, వాటితో ఇబ్బంది లేదు. రెండు వారాలు నిశ్చింతగా ఉన్నాను. ఒక మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే తొమ్మిదో తరగతి పిల్లవాడు బల్ల కిందికి దూరి మౌస్ తీగ పీకి, ఆ రంధ్రంలో పెన్‌డ్రైవ్ పెట్టి, పైకి వచ్చి కూర్చున్నాడు. మౌస్ లేదు కదా, ట్యాబ్ కీతో ఒక్కొక్క గడీ దాటుతూ, బాణం కీలతో ఫోల్డర్లు తెరుస్తూ, ఎంటర్ కొడుతూ పని కానిచ్చేస్తున్నాడు. కంప్యూటర్ పాఠంలో ‘ట్యాబ్ కీ ఉపయోగాలు’ అని నేను మూడుసార్లు చెప్పినా ఎవరి బుర్రకూ ఎక్కలేదు. వాడికి ఎక్కింది. తిట్టడానికే లోపలికి వెళ్లాను. పెన్‌డ్రైవ్‌లో ఏముందిరా అంటే, వాళ్ల అక్క డిగ్రీ దరఖాస్తు. ప్రింటు తీసుకోవాలి, జిరాక్సు షాపులో పేజీకి ఐదు రూపాయలు అడిగారట.

ఇక మీ ల్యాబు. మీకు చేసి పెట్టిన మనిషి, విండోస్ తన అమరికలు రాసుకునే రిజిస్ట్రీలో ‘యూఎస్‌బీస్టోర్’ అనే చోట ‘స్టార్ట్’ విలువను 3 నుంచి 4కు మార్చి ఉంటాడు. ఎక్కువగా చేసేది అదే. దానితో పెన్‌డ్రైవ్‌ డ్రైవరు (దాన్ని నడిపే ప్రోగ్రాము) లేవదు. కీబోర్డు, మౌస్‌ల డ్రైవరు వేరు కనుక అవి మామూలుగా పని చేస్తాయి. ఒక పరీక్ష చేసి చూడండి. మీ ఫోనును కేబులుతో అదే కంప్యూటర్‌కు కలిపి, ఫోను తెర మీద ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ నొక్కండి. ఫోల్డర్లన్నీ దర్జాగా ప్రత్యక్షమవుతాయి. ఇప్పటి ఫోన్లు పెన్‌డ్రైవ్ దారిలో రావు, ఎంటీపీ అనే వేరే దారిలో వస్తాయి. ఆ మార్పు దాన్ని ముట్టుకోదు. అంటే నిరుటి నుంచి మీరు కాపలా కాస్తున్నది వీధి తలుపు. పెరటి తలుపు తీసే ఉంది, ఆ సంగతి పిల్లల్లో కనీసం ఇద్దరికి తెలుసు.

పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ చేసే పనులు మూడు: అందులోది చదవడం, అందులోకి రాయడం, అందులోని ప్రోగ్రామును నడపడం. పిల్లవాడి ప్రాజెక్టుకు కావలసినవి మొదటి రెండే. మన కొంప ముంచేది ఎక్కువగా మూడోది. విండోస్‌లో ఈ మూడింటికీ వేర్వేరు గొళ్లాలు ఉన్నాయి. గ్రూప్ పాలసీ ఎడిటర్ తెరిచి, కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, సిస్టమ్ దాటి వెళితే ‘రిమూవబుల్ స్టోరేజ్ యాక్సెస్’ కనబడుతుంది. అక్కడ ‘రిమూవబుల్ డిస్క్స్: డినై ఎగ్జిక్యూట్ యాక్సెస్’ అన్నదాన్ని ఎనేబుల్ చేయించి, యూఎస్‌బీస్టోర్‌ను మళ్లీ 3కు తెప్పించండి. హోమ్ ఎడిషన్ విండోస్‌లో ఈ ఎడిటర్ ఉండదు, ముందే చూసుకోండి. పెన్‌డ్రైవ్ తెరుచుకుంటుంది, ఫైళ్లు వస్తాయి పోతాయి, ప్రోగ్రాము మాత్రం అక్కడి నుంచి కదలదు.

పిల్లలు ఊరుకోరు. ఆట ప్రోగ్రామును డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి అక్కడి నుంచి నడుపుతారు. అందుకని యాప్‌లాకర్ లాంటిది పెట్టించి, విద్యార్థి ఖాతాలో విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లలో ఉన్నవి తప్ప ఇంకేదీ నడవకుండా చేయించాలి. విద్యార్థి ఖాతాకు అడ్మిన్ హక్కులు ఉండకూడదని వేరే చెప్పనక్కరలేదు. చెప్పవలసినది ఇంకొకటి ఉంది: అడ్మిన్ పాస్‌వర్డు కాగితం మీద రాసి కీబోర్డు అడుగున అంటించకండి. నేను అంటించాను. ఎన్నాళ్లు దాగిందో అడగకండి.

చివరగా, మీ స్టోరు గదిలో మూలపడిన పాత కంప్యూటర్ ఒకటి ఉంటుంది. దాన్ని దులిపి, విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత వ్యవస్థ ఎక్కించి, నెట్‌వర్కు తీగ లేకుండా ల్యాబు గుమ్మం దగ్గర పెట్టండి. చెప్పులు బయట విడిచినట్టు, ఏ పెన్‌డ్రైవ్ అయినా ముందు అక్కడ ఆగాలి. విండోస్ కోసం రాసిన పురుగు లినక్స్‌లో మామూలుగా లేవదు, అక్కడ అదీ ఒక ఫైలే. విండోస్‌లో దాగి ఉండే ఫోల్డర్లు కూడా అందులో మామూలుగానే కనిపిస్తాయి. ప్రాజెక్టు పేరు పక్కన ‘ఈఎక్స్ఈ’ తోక ఉన్నవి (అవి ప్రోగ్రాములు), తెలియని షార్ట్‌కట్‌లు తీసేసి, మిగతాది లోపలికి పంపండి. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పడుతుంది. పదో తరగతి పిల్లలు ఇద్దరికి ఆ పని అప్పగిస్తే మీకన్నా కఠినంగా చేస్తారు. లినక్స్ మాట ఎత్తితే మన దగ్గర చాలామంది బెదురుతారు. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి దానిమీదే పాఠాలు నడుస్తున్నాయి.

ఇంత చేసినా వర్డ్, ఎక్సెల్ ఫైళ్లలో మాక్రోలనే చిన్న ప్రోగ్రాముల రూపంలో పురుగులు రావచ్చు. ఫైలు తెరవగానే పైన పసుపు పట్టీలో ‘ఎనేబుల్ కంటెంట్’ అని అడిగితే నొక్కవద్దని గోడ మీద రాయించండి. హెడ్మాస్టరుగారు మళ్లీ హామీ అడిగితే, ముఖ్యమైన ఫైళ్ల నకలు వేరే డిస్కులో వారం వారం తీసి పెడతానని చెప్పండి. అది మీ చేతిలో ఉన్న పని.

*ప్రశ్న: నేను పదో తరగతి చదువుతున్నాను. మా ల్యాబులో పెన్‌డ్రైవ్ పెడితే తెరుచుకోదు. మెయిల్ చేసుకోండి అంటారు మా సారు. నాకు మెయిల్ లేదు, మా ఇంట్లో ఉన్నది నాన్న ఫోను ఒక్కటే. రిజిస్ట్రీలో ఏదో మారిస్తే తెరుచుకుంటుందని మా స్నేహితుడు చెప్పాడు. అది ఎలాగో చెబుతారా మేడమ్?*
*— ఒక విద్యార్థి, జనగామ*

పై జవాబు నువ్వూ చదువుతావని నాకు తెలుసు బాబూ. అయినా చెబుతున్నాను, విద్యార్థి ఖాతాలో నీకు ఆ విలువ మార్చే హక్కు ఉండదు. హక్కు ఉందంటే మీ సారు దాన్ని తీసేయడం మరిచిపోయారని అర్థం. అప్పుడు నువ్వు చేయవలసిన పని ఆయనకు చెప్పడం. దొంగచాటుగా మార్చి దొరికిపోతే, నీ ప్రాజెక్టు ఎంత బాగున్నా ఆ రోజు దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఇలా అడుగు: ‘సార్, నా పెన్‌డ్రైవ్ మీరే మీ కంప్యూటర్‌లో చూసి, నా ఫైలు ఒక్కటి ల్యాబులోకి వేయండి.’ ఫైలు పేరు, సైజు చీటీ మీద రాసివ్వు. ‘ప్రాజెక్టు’ అని పెట్టకు, క్లాసులో నలభై ప్రాజెక్టులు ఉంటాయి. నీ పేరు, విషయం కలిపి పెట్టు. ఇంకొక మాట. తెలుగులో టైపు చేయించినది డీటీపీ సెంటర్‌లో అయితే అది దాదాపు ఏ కంప్యూటర్‌లోనైనా కనబడే యూనికోడ్‌లో ఉందో, ‘అను’ అనే పాత రకం ఫాంట్లలో ఉందో కనుక్కో. అను ఫాంటు బడి కంప్యూటర్‌లో లేకపోతే నీ ‘కిరణజన్య సంయోగక్రియ’ అంతా ఇంగ్లిషు అక్షరాల చెత్తకుప్పలా కనబడుతుంది. పీడీఎఫ్ చేయించి తీసుకెళితే ఆ బాధ ఉండదు.

నాన్న మెయిలును ల్యాబులో తెరిస్తే లేచేటప్పుడు ‘సైన్ అవుట్’ నొక్కడం మరవకు. మా ల్యాబులో ఒకాయన మెయిలు మూడు రోజులు తెరిచే ఉంది. ఆయన చిట్టీపాట లెక్కలు ఎనిమిదో తరగతి వాళ్లందరికీ నోటికి వచ్చేశాయి.

*ప్రశ్న: మా బడి మైదానంలో ఒక పెన్‌డ్రైవ్ దొరికింది. ఎవరిదో తెలుసుకోవడానికి ల్యాబులో పెట్టి చూద్దామంటే కంప్యూటర్ టీచరు ఒప్పుకోలేదు. అంత అనుమానం అవసరమా?*
*— వ్యాయామ ఉపాధ్యాయుడు, ఆదోని*

అవసరమే మాస్టారూ. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో పరిశోధకులు కావాలనే 297 పెన్‌డ్రైవ్‌లు అక్కడక్కడ పడేసి చూశారు. 2016లో ఆ ఫలితాలు ప్రచురించారు. 45 శాతం పెన్‌డ్రైవ్‌లలోని ఫైళ్లను దొరికినవాళ్లు తెరిచారు, మొదటిది ఆరు నిమిషాల్లోపే. తెరిచినవాళ్లలో చాలామంది మీలాగే, యజమాని ఎవరో కనుక్కుని ఇచ్చేద్దామనుకున్నవాళ్లే. మంచితనం మీదే వల వేసేవాళ్లు ఉంటారు.

పైగా పెన్‌డ్రైవ్‌లా కనిపించేదల్లా పెన్‌డ్రైవ్ కానక్కరలేదు. నేను కీబోర్డును అని కంప్యూటర్‌కు అబద్ధం చెప్పి, చకచకా ఆదేశాలు టైపు చేసేసేవి ఉన్నాయి. 2014లో జర్మనీకి చెందిన పరిశోధకులు లాస్ వేగాస్ సమావేశంలో మామూలు పెన్‌డ్రైవ్‌నే అలా మార్చి చూపించారు. మీ మైదానంలోది ఏ ఏడో తరగతి పిల్లదో అయి ఉండటానికే అవకాశం ఎక్కువ, ఒప్పుకుంటాను. రేపు ప్రార్థన సమయంలో దాన్ని చేత్తో పట్టుకుని ‘ఇది ఎవరిది?’ అని అడగండి. రంగు మాత్రం ముందే చెప్పకండి, చెబితే ముగ్గురు లేస్తారు.

*ప్రశ్న: మా అమ్మాయి పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయాయి. ప్రాజెక్టు పోయిందని ఏడుస్తోంది. ఫార్మాట్ చేయమంటున్నారు షాపులో. — ఒక తల్లి, ఖమ్మం*

ఫార్మాట్ చేయించకండి తల్లీ! ఫైళ్లు పోలేదు, చాలావరకు అక్కడే ఉంటాయి. పురుగు వాటికి ‘దాచు’ గుర్తు తగిలించి, వాటి పేర్లతో బొమ్మలు నిలబెట్టింది. ఆ షార్ట్‌కట్‌లను నొక్కవద్దు, నొక్కిన ప్రతిసారీ అది మళ్లీ నడుస్తుంది. తెలిసినవాళ్ల చేత యాట్రిబ్ అనే ఆదేశంతో ఆ గుర్తులు తీయించండి, అసలు ఫోల్డర్లు బయటికి వస్తాయి. పత్రాలు మాత్రం వేరేచోటికి కాపీ చేసుకుని, యాంటీవైరస్‌తో ఒకసారి చూపించి, అప్పుడు పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయండి. ఆ పెన్‌డ్రైవ్ ఈ మధ్య ఏ షాపు కంప్యూటర్‌లో పెట్టారో గుర్తు చేసుకోండి. ఈసారి ప్రింటుకు వెళ్లేటప్పుడు వేరే చిన్న పెన్‌డ్రైవ్‌లో ఆ ఒక్క ఫైలే తీసుకెళ్లమనండి.

*ప్రశ్న: ‘ఎజెక్ట్’ నొక్కకుండా పెన్‌డ్రైవ్ పీకేస్తే మా టీచర్ చేయి చాపమంటారు. నిజంగా అంత తప్పా? — ఎనిమిదో తరగతి, పలమనేరు*

చేయి చాపమనేంత తప్పు కాదు. 2018 చివరిలో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి పెన్‌డ్రైవ్‌లు వెంటనే తీయడానికి వీలుగా ఉండేలా అమర్చారు. కానీ కాపీ జరుగుతుండగా తీస్తే ఆ ఫైలు సగంలో తెగుతుంది, ఒక్కోసారి పెన్‌డ్రైవ్ మొత్తం తెరుచుకోదు. దాని మీద చిన్న దీపం మిణుకుతున్నంతసేపు చేతులు ఒళ్లో పెట్టుకో. మీ ల్యాబులో ఉన్నవి పాత కంప్యూటర్లయితే మీ టీచరుగారు చెప్పినట్టే చెయ్యి.