ఎల్డెన్ రింగ్ వీడియోగేమ్‌లో మార్గిట్ అనే బాస్‌ని (పెద్ద శత్రువుని) ఎలా దాటాలి?
స్టార్మ్‌వీల్ కోట ముందు మార్గిట్ చేతిలో పదేపదే చస్తున్నారంటే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: దెబ్బ తప్పించుకోడానికి తొందరపడి దొర్లడం. వాడు కర్ర పైకెత్తి, కొట్టకుండా కాసేపు అలాగే ఆగుతాడు. ఎత్తగానే దొర్లితే మీరు లేచే సమయానికి దెబ్బ సరిగ్గా నెత్తిన పడుతుంది. చేయి కిందికి కదలడం మొదలయ్యాకే దొర్లండి, అదీ వెనక్కి కాదు, వాడి పక్కకి. మీ పాత్ర మోసే కవచం, ఆయుధాల బరువు దాని పరిమితిలో 70 శాతం లోపే ఉండాలి. దాటితే ఒళ్లు బరువెక్కి ఎంత బాగా టైమింగ్ పట్టినా తప్పించుకోవడం కష్టం.

అంతకుముందు వీపింగ్ పెనిన్సులా అనే ప్రాంతం తిరిగి విగర్ (ప్రాణశక్తి) 20కి పెంచండి, ఆయుధాన్ని +3 స్థాయికి తీసుకెళ్లండి. మర్క్‌వాటర్ గుహలో ప్యాచెస్ అనేవాడితో పోరాడి, వాడు లొంగిపోగానే కొట్టడం ఆపేస్తే దుకాణం తెరుస్తాడు. అక్కడ 5,000 రూన్లకి (ఆటలోని డబ్బు) మార్గిట్ సంకెల కొనండి. పోరాటం మొదటి దశలో అది మార్గిట్‌ని రెండుసార్లు నేలకి కట్టేస్తుంది.