కథానిలయం సభకి వెళ్తున్న అమ్మాయికి

పార్వతీపురం

అమ్మాయ్,

ఉత్తరం అందింది. ఫిబ్రవరిలో శ్రీకాకుళంలోని తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయం సభకి వెళ్తున్నావన్నమాట. ముందు దారి చెప్తాను. రైల్లోంచి ‘శ్రీకాకుళం రోడ్’ అన్న బోర్డు చూసి ఊరొచ్చేసిందనుకోకు. అది ఆమదాలవలస. ఊళ్లోకి ఇంకా 13 కిలోమీటర్ల దాకా ఉంది. దిగగానే బస్సో ఆటోనో చూసుకో.

కథ చదవనిస్తారా అని ఒకే ఉత్తరంలో మూడుసార్లు అడిగావు. ఇస్తే చదువు, ఇవ్వకపోతే మరీ మంచిది. నా మొదటి సభ సంగతి వింటే నవ్వుతావు. ఏ ఊరన్నది అనవసరం. 14 పేజీల కథ పట్టుకెళ్లాను. నా వంతొచ్చేసరికి ఒంటిగంటన్నర. వెనక వరండాలో పులిహోర గిన్నె మూత తీశారు. ఆరో పేజీలో ఉండగా అధ్యక్షులవారు ఓ చీటీ పంపారు. చూసి, కాగితాల కింద దోపేశాను. తొమ్మిదో పేజీలో ఇంకో చీటీ. పదకొండులో తలెత్తితే ముందు వరసలో మైకు కుర్రాడొక్కడే ఉన్నాడు.

భోజనాల దగ్గర ఒక పెద్దావిడ, విస్తరి చేత్తో పట్టుకునే, నా పక్కకొచ్చింది. “బాబూ, నీ కతలో ముసిల్ది రాగిజావ తాగుతాదేటి? మనకాడ చోడంబలి కదా. మనకి రాసినావా, పత్రికోళ్లకి రాసినావా?”

ముద్ద దిగలేదు నాకు. మా అమ్మ బతికున్నన్నాళ్లూ కాచింది చోడంబలే. రాయడానికి కూచునేసరికి అది రాగిజావ అయిపోయింది. ఏ ఎడిటరూ దాన్ని పట్టుకోడు, ఎందుకంటే ఆయన లెక్కలో అది తప్పే కాదు. మన ప్రాంతపు సభకి పోవలసింది ఆవిడలాంటి వాళ్ల చెవికి దొరకడానికే.

అందుకని టీల దగ్గర తిరుగు. పక్కవాళ్లది ఏ ఊరో, అక్కడ దేన్నేమంటారో అడుగు. కథ జిరాక్సులు తీసి పెద్దలందరికీ పంచుతానన్నావు, వద్దు. అవి కుర్చీల్లోనే ఉండిపోతాయి, సాయంత్రం ఊడ్చేవాళ్లకి పని. నీ వంతు కాగానే సంచీ తగిలించుకుని లేచిపోకు. ఈ జబ్బు మా పెద్దలకే ఎక్కువ, తమ ప్రసంగం అవగానే అందరికీ రైలు టైమైపోతుంది!

సభ మధ్యలో కాస్త సందు దొరికితే కథానిలయంలో దాచిన పాత పత్రికలు చూడు. కారా మాస్టారు, అదే కథకులు కాళీపట్నం రామారావుగారు, 1997లో తెరిచిన ఇల్లది, తెలుగు కథ కోసమే. తనకొచ్చిన పురస్కారాల సొమ్ము దానికే పెట్టారు. రాయడం తగ్గించుకుని, ఇతరుల కథలు ఎక్కడెక్కడివో వెతికి తెచ్చి దాచిన మనిషి. 2021లో పోయారు. అక్కడ మన జిల్లాల వాళ్ల పాత కథ ఒకటి తీసి, కూచుని చదువు. నీకు తెలియని మాట తగిలితే నోట్బుక్కులో రాసుకో. అర్థం నిఘంటువులో కాదు, భోజనాల వరసలో అడుగు.

వచ్చేటప్పుడు పాలకొండ మీదుగా బస్సెక్కి బేగి వచ్చీ. రాత్రి భోజనం మా ఇంట్లో. నీ కథ కూడా తెచ్చుకో. నువ్వు చదివి వినిపించక్కర్లేదు, కళ్లజోడుంది, నేనే చదువుకుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు