అన్నం మానేసినా బరువు ఎందుకు తగ్గడం లేదంటే

అన్నం పూర్తిగా మానేసి రెండు పూటలా చపాతీలే తింటున్నా బరువు తగ్గడం లేదని, ఇక క్యాలరీలు లెక్కపెట్టాలా అని అడిగారు కదండీ. ముందు నూనె సంగతి చూడండి. ఒక టేబుల్ స్పూన్ నూనెలో దాదాపు 120 క్యాలరీలు ఉంటాయి. 100 గ్రాముల వండిన అన్నంలో ఉండేది సుమారు 130. చపాతీలు నూనె వేసి కాల్చి, వేపుడుతో తింటే అన్నం మానిన లాభం అక్కడే పోతుంది. సాయంత్రం తినే వేరుశనగలూ తక్కువేం కాదు, 100 గ్రాములకు 560 పైనే.

స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ 609 మందిని ఏడాదిపాటు పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించింది. కొవ్వు తగ్గించినవాళ్లూ, పిండిపదార్థాలు తగ్గించినవాళ్లూ సగటున ఐదారు కిలోలు తగ్గారు, చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి అన్నం విషయంలో అంత టెన్షన్ వద్దు.

నా మాట వినండి, రెండు వారాలు మాత్రం అన్నీ కొలిచి రాసుకోండి, ముఖ్యంగా నూనె. తర్వాత అంచనా దానంతటదే వస్తుంది, రోజూ లెక్కలు అక్కర్లేదు. కప్పు అన్నం, పప్పు, కూర ఎక్కువగా, పెరుగు తినండి. పూర్తిగా మానాల్సినవి చక్కెర వేసిన టీలు, బిస్కెట్లు. అవి కడుపు నింపవు. షుగర్ మందులు వాడుతుంటే మాత్రం తిండి తగ్గించే ముందు డాక్టర్‌ని తప్పకుండా అడగండి.