స్కాలర్‌షిప్ ఎక్కువ ఇచ్చేదా, నచ్చిన కాలేజీనా?

ప్రశ్న: మా అమ్మాయికి అమెరికాలో రెండు చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో (ఆర్ట్స్, సైన్స్ రెండూ చెప్పే డిగ్రీ కాలేజీలు) సీటొచ్చింది. ఒకటి స్కాలర్‌షిప్ ఎక్కువ ఇస్తోంది, రెండోది తనకు బాగా నచ్చింది. ఏది ఎంచుకోమంటారు? టెన్షన్‌గా ఉంది.

జవాబు: స్కాలర్‌షిప్ ఎంతన్నది కాసేపు పక్కన పెట్టండమ్మా, అది పోగా మీరు కట్టాల్సింది ఎంతో నాలుగేళ్లకూ లెక్క వేయండి, ఎందుకంటే ఫీజు దాదాపు ఏటా పెరుగుతుంది, స్కాలర్‌షిప్ మాత్రం చాలాచోట్ల మొదటి ఏడు ఇచ్చినంతే ఉండిపోతుంది. హెల్త్ ఇన్సూరెన్స్, విమాన టికెట్లు కలపండి. మార్కులు తగ్గితే స్కాలర్‌షిప్ ఆగిపోతుందా అనీ అడగండి.

ఇక నచ్చడమంటే క్యాంపస్ ఫొటోలు కాదు. ఇలాంటి కాలేజీల్లో ఒక్కో డిపార్ట్‌మెంట్‌లో నలుగురైదుగురే ప్రొఫెసర్లు ఉండొచ్చు, ఒకరు సెలవు పెడితే ఆ ఏడు ఆ కోర్సే ఉండకపోవచ్చు, కాబట్టి తన సబ్జెక్టులో గత రెండేళ్లలో నిజంగా ఏయే క్లాసులు జరిగాయో చూడమనండి. అమెరికాలోని హేవర్‌ఫర్డ్, బ్రిన్ మార్, స్వార్త్‌మోర్ కాలేజీల్లోలాగా పక్క కాలేజీలో క్లాసులు తీసుకునే వీలుంటే ఈ ఇబ్బంది చాలా తగ్గుతుంది.

తేడా కోసం పెద్ద అప్పు చేయాల్సి వస్తే మాత్రం నేను ఖర్చు తక్కువైనదానివైపే మొగ్గుతాను. ముందైతే నచ్చిన కాలేజీకి స్కాలర్‌షిప్ ఎక్కువ ఇస్తున్న కాలేజీ ఆఫర్ చూపించి, సాయం పెంచమని మెయిల్ పెట్టండి. సీటు ఖాయం చేసుకోవడానికి చాలా కాలేజీల్లో గడువు మే 1.